మామ్మ పేరు ఏ పద్దులో రాయాలి?

ఉత్తరం రాసిన అమ్మాయిది గుంటూరు. వయసు 29, ఎం.కాం. చదివింది, మూడేళ్ల పాప ఉంది. ఒక యూనివర్సిటీలో ఆదివాసీ జీవావరణ పరిశోధన చేసే ల్యాబ్‌లో రెండేళ్లుగా ప్రాజెక్టు లెక్కలు చూస్తోంది. కాంట్రాక్టు ఉద్యోగం, నెలకి 22,000. ల్యాబ్ పనంతా కృష్ణా డెల్టా కాలవల పక్కనున్న యానాది కాలనీల్లో, నల్లమల వైపు రెండు చెంచు గూడేల్లో జరుగుతుంది. ఏ చేప ఏ నెలలో ఎదురెక్కుతుంది, ఏ గడ్డి మొలిస్తే నేల చవుడు తేలుతోందని అర్థం, ఏ దుంపని ఎంత తవ్వి ఎంత వదిలేయాలి, ఇలాంటివన్నీ అక్కడి పెద్దవాళ్లతో కలిసి నడుస్తూ రాసుకుంటారు.

ఇబ్బంది ఇది. మూడేళ్ల కేంద్ర గ్రాంటులో రెండో విడత అయిదు నెలలుగా రాలేదు. ఇద్దరు ఫీల్డ్ అసిస్టెంట్లకి నాలుగు నెలల జీతం బాకీ. ఇద్దరూ ఆ కాలనీల పిల్లలే. చూడలేక ఈ అమ్మాయి తన చీటీ డబ్బులోంచి 38,000 వాళ్లకి సర్దింది. ఇది కాక, తోవ చూపించి వివరాలు చెప్పిన 14 మంది పెద్దవాళ్లకి రోజుకి 500 చొప్పున తలా 12 రోజులకి మొత్తం 84,000 ముట్టింది. ప్రొఫెసర్‌గారు తన పేరున అడ్వాన్సు డ్రా చేసి, ఎవరిది వాళ్ల చేతికే ఇచ్చారు. రశీదుల్లేవు. గ్రాంటు మంజూరు చేసిన శాంక్షన్ ఆర్డర్‌లో గౌరవ వేతనం అనే హెడ్డు (ఖర్చు పద్దు) లేదు. పాన్ కార్డు, పాస్‌బుక్ కాపీ లేనిదే ఒక్క కాగితం కూడా పాస్ చేయమని ఫైనాన్స్ సెక్షన్ తేల్చి చెప్పింది. మార్చి 31 దగ్గర పడింది. "తెలిసిన షాపులో గాజు సామాను, కెమికల్స్ కొన్నట్టు 84,000కి బిల్లు తెచ్చి స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించమ్మా" అన్నారట సార్. షాపతను పది శాతం కమీషను, పైన జీఎస్టీ అడిగాడు. రిజిస్టర్‌లో సంతకం పెట్టాల్సింది ఈ అమ్మాయే.

"సార్ ఒక్క రూపాయి తినలేదు. ఏడాది పిల్లని చంకనేసుకుని ఇంటర్వ్యూకి వెళ్తే నాకు ఉద్యోగం ఇచ్చిన మనిషి. సంతకం పెడితే తప్పు చేసినదాన్నవుతాను, పెట్టకపోతే విశ్వాసం లేనిదాన్నవుతాను. మావారు రాజీనామా చేసేయమంటున్నారు. పక్క ల్యాబుల వాళ్లు మార్చిలో అందరూ చేసేదేగా అంటున్నారు. ఒకటే టెన్షన్, నిద్ర పట్టడం లేదు. మీ కూతురులాంటిదాన్ని, నువ్వు అనే పిలవండి" అని రాసింది.

అమ్మా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. లెక్కలన్నీ మొదటి రెండు పేజీల్లో పొందికగా రాశావు. అసలు సంగతి మూడో పేజీ చివర, నాలుగు లైన్లలో ఉంది. కాలవ గట్టు మీద ఒక యానాది మామ్మ నీ చెయ్యి పట్టుకుని "నా పేరు కాగితంలో రాశావా అమ్మా?" అని అడిగిందని, నువ్వు "రాశాను మామ్మా" అన్నావని, నిజానికి ఎక్కడా రాయలేదని. నీకు నిద్ర పట్టకపోవడానికి ఆడిట్ ఒక్కటే కారణం కాదనిపిస్తోంది. ఆ మాట కూడా నిన్ను పట్టుకుని ఉంది. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

ముందు రెండు విషయాలు విడదీసుకుందాం, నీ మనసులో అవి కలిసిపోయి ఉన్నాయి. ఖర్చు నిజం. 14 మంది నడిచారు, చెప్పారు, డబ్బు తీసుకున్నారు. అది ప్రాజెక్టు పనే. యుటిలైజేషన్ సర్టిఫికెట్‌లో మనం రాసిచ్చేది కూడా ఇదే కదా, ఏ పనికి డబ్బు మంజూరైందో ఆ పనికే ఖర్చయిందని. కాబట్టి ఇక్కడ దొంగ ఖర్చేమీ లేదు. దొంగది కాబోతున్నది బిల్లు. నిజమైన ఖర్చుకి కాగితం లేకపోవడం ఒక లోపం, సరిచేసుకోవచ్చు. ఆ లోపాన్ని కప్పడానికి జరగని కొనుగోలు రాయడం వేరే సంగతి. మొదటిదానికి ఆడిట్‌లో అభ్యంతరం వస్తుంది. రెండోదానికి కేసు రావచ్చు.

ఆ బిల్లు ఎక్కిస్తే ఏమవుతుందో చూడు. ఈ మార్చి గడిచిపోతుంది, అది నిజమే. అడ్వాన్సు సెటిలైపోతుంది, సార్ ఊపిరి పీల్చుకుంటారు, రెండో విడతకి దారి పడొచ్చు. తర్వాత ఎప్పుడో ఒకరోజు స్టాక్ వెరిఫికేషన్‌కి ఎవరో వస్తారు. 84,000 విలువైన గాజు సామాను ఏ బీరువాలో ఉందని అడుగుతారు. పగిలిపోయిందని ఇంకో అబద్ధం రాయాలి, దానికి ఇంకో సంతకం. షాపతను ఇచ్చే బిల్లు మీద జీఎస్టీ నంబరుంటుంది, అది అతని రిటర్నులో కనపడాలి. సరుకు ఇవ్వకుండా బిల్లివ్వడం జీఎస్టీ చట్టంలో అతని మీద కూడా నేరమే. లెక్కల పుస్తకాల్లో కావాలని తప్పుడు పద్దు రాయడానికి పాత శిక్షాస్మృతిలో 477ఎ సెక్షన్ ఉండేది, 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 344. శిక్ష ఏడేళ్ల వరకు ఉంటుంది. ఆ సెక్షన్ గుమాస్తా అనే మాటతోనే మొదలవుతుంది తల్లీ. మోసం చేయాలనే ఉద్దేశం ఉంటేనే అది వర్తిస్తుంది, నీకా ఉద్దేశం లేదని నాకు తెలుసు. కానీ ఆ సంగతి ఎదుటివాళ్లకి రుజువు చేసుకోవాల్సిన రోజు వస్తే, చేతివ్రాత నీదై ఉంటుంది, నోటిమాటగా చెప్పింది సార్ అయి ఉంటారు.

నా అనుభవం ఒకటి చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆఫీసులో, కూలీలకి నిజంగానే ఇచ్చిన డబ్బుకి టెంట్ హౌస్ బిల్లు ఎక్కించాను. పై అధికారి మంచాయనే, డబ్బు ఎవరూ తినలేదు. పదకొండేళ్ల తర్వాత దాని మీద ఆడిట్ పేరా, అంటే రాతపూర్వక అభ్యంతరం, వచ్చింది. ఆయన రిటైరై వెళ్లిపోయారు. బిల్లు వెనక ఉన్న వంకర అక్షరాలు నావి. రెండేళ్లు సంజాయిషీలు రాశాను, ఆ కూలీలకి నిజంగా ఇచ్చామని చూపించడానికి వాళ్లలో ఒక్కరి పేరు కూడా నా దగ్గర లేదు. ఆ చివరి ముక్క ఇప్పటికీ బాధ పెడుతుంది.

నీ విషయంలో ఇంకో నష్టం కూడా ఉంది, మీ సార్ దాని గురించి ఆలోచించారో లేదో. గాజు సామాను అని రాస్తే, ఈ రెండేళ్లలో ల్యాబ్ సీసాలు కొందని ఉంటుంది తప్ప పెద్దవాళ్ల దగ్గర నేర్చుకుందని ఎక్కడా ఉండదు. వచ్చే ప్రాజెక్టు రాసేటప్పుడు గౌరవ వేతనానికి హెడ్డు అడిగితే, గతంలో ఆ ఖర్చే లేదు కదా అంటారు. మళ్లీ హెడ్డు ఉండదు, మళ్లీ అడ్వాన్సు, మళ్లీ మార్చిలో షాపు బిల్లు. ఇప్పుడు నీకొచ్చిన కష్టం అలాగే పుట్టి ఉంటుందని నా అనుమానం.

ఆదివాసీల తెలివికి వాళ్ల పేరున గుర్తింపు ఉండాలన్నది దయ చూపించే విషయం కాదు. 2006 అటవీ హక్కుల చట్టంలోనే, అడవిలో బతికే వాళ్ల సంప్రదాయ జ్ఞానం మీద ఆ సమాజానికి హక్కుందని రాసుంది. కేరళలో కాణి తెగవాళ్ల సంగతి మీ సార్‌కి తెలిసే ఉంటుంది. 1987లో అగస్త్యమల కొండల్లో శాస్త్రవేత్తలకి దారి చూపించిన కాణి మనుషులు ఒక మొక్క కాయలు తింటూ అలుపు లేకుండా నడిచారు. ఆ మొక్కతో మందు తయారైంది. లైసెన్సు ఫీజులో, రాయల్టీలో సగం కాణి వాళ్లకి ఇవ్వాలని పరిశోధన సంస్థ ఒప్పుకుంది. ఇవ్వడానికి మాత్రం ఏళ్లు పట్టింది, ఎందుకంటే డబ్బు అందుకోవడానికి వాళ్ల పేరున ముందొక ట్రస్టు ఏర్పడాల్సి వచ్చింది. మీ కాలవ గట్టు నుంచి మందు పుడుతుందని నేననడం లేదు. ఎవరు చెప్పారు, ఎవరికి ఎంత ముట్టింది అన్నది మొదటి రోజు నుంచి కాగితం మీద ఉంటే, రేపు ఏం పుట్టినా వాళ్ల వాటా అడగడానికి ఒక ఆధారం ఉంటుంది.

ఇక నీ ముందున్న దారులు.

ఒకటి, నిజాన్నే కాగితం మీదకి తేవడం. ఒక అక్విటెన్స్, అంటే డబ్బు ముట్టినట్టు అందరి సంతకాలూ ఉండే పట్టిక, తయారు చెయ్యి. పేరు, కాలనీ, ఏయే తేదీల్లో ఏ పనికి, ఎంత ముట్టింది, సంతకం లేదా వేలిముద్ర. తేదీ మాత్రం ఈ రోజుదే వెయ్యి, పాత తేదీ వేశావో ఇదీ అబద్ధపు కాగితమే అయిపోతుంది. "ఫలానా తేదీల్లో నాకు ముట్టిన మొత్తానికి ఈ రోజు ఇస్తున్న రశీదు" అని రాస్తే చాలు. తలా 6,000 అవుతోంది, అయిదు వేలు దాటింది కాబట్టి ఒక్కొక్కరి దగ్గరా రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి దాని మీద ముద్ర వేయించు. వేలిముద్ర వేయించే ముందు రాసింది పైకి చదివి వినిపించు. సాక్షిగా పంచాయతీ కార్యదర్శినో, అక్కడి బడి పంతులుగారినో పిలువు. మీ ఫీల్డ్ డైరీలు, ఆ రోజుల బండి లాగ్‌బుక్, తేదీలున్న ఫోటోలు జత చెయ్యి. పైన సార్ సర్టిఫికెట్ ఉండాలి.

ఆ 14 మందిలో ఒక పెద్దాయన సంక్రాంతి ముందు పోయాడని రాశావు. ఆయన బదులు కొడుకు చేత వేలిముద్ర వేయించకు. ఆ వరుస ఖాళీగా వదిలి, పోయిన సంగతి, ఏ రోజుల్లో ఆయనతో నడిచారో డైరీ పేజీ నంబర్లతో సహా రాయి. పదమూడు ముద్రలు, ఒక ఖాళీ ఉన్న కాగితాన్ని ఏ ఆడిటరైనా నమ్ముతాడు.

ఈ అక్విటెన్స్‌తో పాటు రెండు ఉత్తరాలు వెళ్లాలి, రెండూ సార్ సంతకంతోనే. ఒకటి రిజిస్ట్రార్‌కి, ఫైనాన్స్ ఆఫీసర్‌కి, జరిగింది జరిగినట్టు. ఇంకోటి గ్రాంటిచ్చిన సంస్థకి, కన్జ్యూమబుల్స్ (వాడితే అయిపోయే సామాను) హెడ్డులో మిగిలిన దాంట్లోంచి ఈ మొత్తాన్ని గౌరవ వేతనం కింద మార్చుకోవడానికి అనుమతి అడుగుతూ. రికరింగ్ హెడ్ల (మళ్లీ మళ్లీ వచ్చే ఖర్చుల పద్దుల) మధ్య ఎంతవరకు మార్చుకోవచ్చో శాంక్షన్ ఆర్డర్ షరతుల్లో ఉంటుంది. మొదటి పేజీలోని అంకెలు చూసి పక్కన పెట్టేస్తాం, ఆ షరతుల పేజీలు ఎవరూ చదవరు. నువ్వు కూర్చుని చదువు.

ఇందులో కష్టాలూ ఉన్నాయి. ఫైనాన్స్ సెక్షన్‌లో గట్టిగా మాటలు పడతాయి. కొంత మొత్తం ఒప్పుకోకపోవచ్చు, అప్పుడు ఆ మేరకు సార్ చేతి నుంచి కట్టాలి. విడత ఇంకో నెలో రెండు నెలలో ఆలస్యం కావచ్చు.

రెండో దారి, గడువు ఒత్తిడి తీసేసేది. సార్ ఆ 84,000 మార్చి 31 లోపు తిరిగి ప్రాజెక్టు ఖాతాలో జమ చేయడం. అడ్వాన్సు సెటిలైపోతుంది, యుటిలైజేషన్ సర్టిఫికెట్‌లో ఆ మొత్తం ఖర్చు కానట్టు నిజాయితీగా చూపిస్తారు. మిగులు చూపిస్తే పరువు పోతుందని మన ల్యాబుల్లో ఒక భయం ఉంది. మిగిలింది వచ్చే ఏడాదికి తీసుకెళ్లడానికి అనుమతి అడగొచ్చు, లేదా తర్వాతి విడతలో సర్దుతారు, అంతే. అసలు మీ రెండో విడత ఆగిపోయిందే సెటిల్ కాని అడ్వాన్సుని ఖర్చుగా చూపించినందుకని నువ్వే రాశావు. అడ్వాన్సు సెటిలయ్యేదాకా ఖర్చు కాదు, కాబట్టి ఆ అభ్యంతరం న్యాయమైనదే. ఈ దారిలో బరువంతా కొన్ని నెలలు సార్ మీద పడుతుంది, అనుమతి రాకపోతే అది ఆయన సొంత ఖర్చయిపోతుంది. అడ్వాన్సు ఆయన పేరునే ఉంది కాబట్టి ఆయన్ని అడగడంలో తప్పు లేదు. ఒక మాట, ఖాతాలో వడ్డీ పడింది కదా, దాంతో సర్దేద్దామని ఎవరైనా అనొచ్చు. గ్రాంటు మీద వచ్చిన వడ్డీ ప్రభుత్వానిది, తిరిగి కట్టాల్సిందే. దాని జోలికి పోవద్దు.

మీవారు చెప్పిన రాజీనామా కూడా ఒక దారే, నేను తీసిపారేయను. కానీ మార్చి మధ్యలో ఊరికే మానేస్తే రేపు లెక్కల్లో ఏ తేడా వచ్చినా వెళ్లిపోయిన మనిషి మీదకి తొయ్యడం అందరికీ సులువు. మానేయాలనే అనుకుంటే, ఏ రిజిస్టర్ ఏ తేదీ వరకు రాశావో, ఏ అడ్వాన్సులు పెండింగో రాసి అప్పగించి, ఆ కాగితం మీద తీసుకున్నట్టు సంతకం చేయించుకుని కాపీ ఇంట్లో పెట్టుకో. నెలకి 22,000 పోతే ఇంట్లో ఎలా గడుస్తుందో నాకంటే మీకే బాగా తెలుసు.

నా మొగ్గు మొదటి రెండూ కలిపి చేయడం వైపు: ఇప్పటికి డబ్బు జమ చేసి, తీరిగ్గా నిజమైన కాగితాలతో అడగడం. సార్ దగ్గర అంత డబ్బు ఇప్పటికిప్పుడు లేకపోతే మొదటిదే మిగులుతుంది. అది మీ ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాలి.

సార్‌తో మాట్లాడటమే నీకు అన్నిటికన్నా కష్టంగా ఉందని తెలుస్తూనే ఉంది. 30వ తేదీ సాయంత్రం నలుగురి ముందు చెప్పొద్దు, రేపో ఎల్లుండో పొద్దున్నే ఒక్కదానివే వెళ్లు. ఆయన్ని తప్పు పట్టే మాటతో మొదలుపెట్టకు. "సార్, మామ్మకి డబ్బిచ్చాం, అది నిజం. ఆ నిజానికి ఎన్ని కాగితాలు కావాలన్నా నేను తయారు చేస్తాను, ఆదివారం కూడా వస్తాను. కొనని గాజు సామాను మాత్రం నా చేత్తో రాయలేను" అను. ఆయన నీకు చేసిన మేలుకి ఇది ద్రోహం కాదమ్మా. ఇన్నేళ్లు ఆ కాలనీల చుట్టూ తిరిగి సంపాదించుకున్న మంచి పేరు ఒక షాపు బిల్లుతో పోకుండా చూడటం కూడా రుణం తీర్చుకోవడమే. బయటికొచ్చాక ఏం అనుకున్నారో నాలుగు లైన్లు ఆయనకే మెయిల్ పెట్టు. కోప్పడొచ్చు, రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. ఇంకొకరి చేత ఎక్కిస్తానంటే, స్టాక్ రిజిస్టర్ బాధ్యత ఆ రోజు నుంచి నీది కాదని కాగితం మీద రాయించుకో. అప్పటికీ బలవంతం చేస్తే ఫైనాన్స్ ఆఫీసర్ దగ్గరికి, రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్లడం నీ హక్కు. గ్రాంటిచ్చిన సంస్థకి నేరుగా ఫిర్యాదు చేయడం మాత్రం ఆఖరుకి ఉంచు. ప్రాజెక్టు మొత్తం ఆగిపోతే ముందు వీధిన పడేది ఆ ఇద్దరు పిల్లలే.

వాళ్ల మాట వచ్చింది కాబట్టి నీ 38,000 సంగతి. వినడానికి కష్టంగా ఉన్నా చెప్తున్నాను, ప్రాజెక్టు నీకు ఒక్క రూపాయి బాకీ లేదు. మేన్‌పవర్ (జీతాల) హెడ్డులో డబ్బొస్తే అది ఆ ఇద్దరి ఖాతాల్లోకే వెళ్తుంది. నీది వాళ్లకిచ్చిన చేబదులు. ఫోన్‌పేలో పంపిన తేదీలు ప్రింటు తీసుకుని, ఎవరికి ఎంత ఇచ్చావో వాళ్లిద్దరితో కూర్చుని కాగితం రాసుకో. బాకీ జీతం పడినప్పుడు రెండు వాయిదాల్లో ఇవ్వమని మంచిగా అడుగు. మళ్లీ నీ చీటీ డబ్బు తియ్యకు. విడత వచ్చేదాకా ఓవర్‌హెడ్ నిధిలోంచి (ప్రాజెక్టుల నుంచి యూనివర్సిటీ తన ఖర్చులకి తీసుకునే వాటాలోంచి) తాత్కాలికంగా సర్దమని సార్ రిజిస్ట్రార్‌ని రాతపూర్వకంగా అడగాలి. కొన్ని యూనివర్సిటీలు శాంక్షనైన ప్రాజెక్టులకి అలా ఇస్తాయి. అడగందే అమ్మైనా పెట్టదు.

ముందుముందుకి ఒక ఇంప్రెస్ట్ పెట్టించండి, అంటే ఖర్చులకి ముందే చేతిలో ఉంచే చిన్న మొత్తం, ప్రతి ఫీల్డ్ ట్రిప్ కాగానే లెక్క. బ్యాంకులోనే వెయ్యాలని ఫైనాన్స్ సెక్షన్ పట్టుబడితే జీరో బ్యాలెన్స్ ఖాతాలు తెరిపించొచ్చు, కానీ పెద్దవాళ్లని అడక్కుండా చేయొద్దు. పింఛను ఒకటో తారీఖున ఇంటి గుమ్మంలో చేతికి అందుకోవడం అలవాటైన మనుషులు, వేలిముద్ర పడని మిషను ముందు రెండుసార్లు నిలబడి తిరిగొస్తే మూడోసారి వెళ్లరు. కొందరికి ఖాతాలో డబ్బు కనపడితే పింఛను ఆగిపోతుందేమోనని దిగులు కూడా ఉంటుంది. ఎవరికి ఎలా కావాలో కాలనీలో కూర్చుని అడగండి, వాళ్లు చెప్పింది మినిట్స్‌లో రాయండి. వచ్చే ప్రపోజల్‌లో ఆ ఖర్చుకి విడిగా ఒక హెడ్డు పెట్టించు, "స్థానిక సహాయం" అని కాకుండా ఆదివాసీ విజ్ఞాన సహకారుల గౌరవ వేతనం అని.

సార్ ఒప్పుకుంటే ఈ శనివారమే వెళ్లండి. స్టాంపు ప్యాడ్‌లో సిరా ఎండిపోయిందేమో ముందే చూసుకో, వేళ్లు తుడుచుకోవడానికి పాత గుడ్డ ఒకటి తీసుకెళ్లు. అక్విటెన్స్‌లో మొదటి వరుస మామ్మకి ఉంచు. పేరు రాసేటప్పుడు రేషన్ కార్డులో ఉన్నట్టు రాయాలా, కాలనీలో అందరూ పిలిచే పేరు రాయాలా అని ఆవిడనే అడుగు. రెండూ చెప్తే రెండూ రాయి.